సొసైటీ చైర్మన్ చేతిలో మండల ఆర్థికం

మండల కేంద్రంలో రాజకీయం అంటే ఎమ్మెల్యే, ఎంపీపీ, మున్సిపల్ చైర్మన్ పేర్లే ముందు వినిపిస్తాయి. రైతు చేతికి వచ్చే డబ్బును వీళ్లందరికంటే దగ్గరగా శాసించేది ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం, జనం నోట్లో ‘సొసైటీ’. వానాకాలం మొదట్లో పంట రుణానికి, పైరు ఎదిగే వేళ యూరియాకు, కోతలయ్యాక వడ్ల కాంటాకు రైతు ఆ గడప తొక్కక తప్పదు. ఆ రైతు ఖర్చు పెడితేనే అదే వీధిలోని బట్టల దుకాణం, హార్డ్‌వేర్ షాపు, ట్రాక్టర్ మెకానిక్ షెడ్డు, ప్రైవేటు బడి నడుస్తాయి. వడ్ల డబ్బులు పదిహేను రోజులు ఆలస్యమైతే ఆ పదిహేను రోజులూ బజారంతా ఖాతా పద్దుల మీదే బతుకుతుంది.

తెలంగాణలో తొమ్మిది వందలకు పైగా, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు రెండు వేలు ఇలాంటి సంఘాలున్నాయి. ఒక్కో సంఘానికి పదమూడు మంది డైరెక్టర్లు, వాళ్లు ఎన్నుకునే చైర్మన్. చైర్మన్‌కు వచ్చే గౌరవ వేతనం చిన్నది. అతని బలం వేరేచోట ఉంది. ఎవరి పని ముందు జరగాలి, ఎవరిది ఆగాలి అన్నది అతని మాట మీద నడుస్తుంది. ఎవరి కుప్పకు ముందు గన్నీ సంచులు వస్తాయి, ఎవరి ఫైలు జిల్లా కేంద్ర సహకార బ్యాంకుకు ముందు వెళుతుంది, లారీలో దిగిన యూరియా ఏ ఊరికి చేరుతుంది? చట్టంలో ఎక్కడా రాయని ఈ అధికారమే ఊళ్లో నాయకత్వం. దీన్ని లెక్కలోకి, కాగితం మీదికి తెచ్చిన చోట సంఘం నిలబడింది. మనిషి మంచితనానికి వదిలేసిన చోట ఆ మనిషితోనే పోయింది.

కాంటా దగ్గర

కొనుగోలు కేంద్రంలో ఏం జరుగుతుందో దగ్గరగా చూస్తే ఈ మాట అర్థమవుతుంది. వడ్లలో తేమ 17 శాతం దాటకూడదు. తెలంగాణలో సాధారణంగా సంచికి 40 కిలోలు తూస్తారు. ఖాళీ గోనె సంచి బరువు సుమారు 600 గ్రాములు కాబట్టి కాంటా మీద 40 కిలోల 600 గ్రాములు కనిపిస్తే తూకం సరిగ్గా ఉన్నట్టు. అంతకు మించి తూసేది ‘తరుగు’. తాలు ఉంది, తేమ ఉంది, మిల్లరు దించుకోడు అని సంచికి కిలో నుంచి కొన్నిచోట్ల రెండు కిలోల దాకా అదనంగా తూస్తారు.

వంద క్వింటాళ్లు తెచ్చిన రైతుకు ఇది 250 సంచులు. సంచికి కిలోన్నర తరుగు పోతే మొత్తం 375 కిలోలు. 2024-25లో గ్రేడ్-ఏ వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,320 రూపాయలు. అంటే ఒక్క రైతుకు పోయింది 8,700 రూపాయలు. ఏ రసీదులోనూ ఇది కనిపించదు.

మిల్లరు వాదనలో కొంత నిజం లేకపోలేదు. 20 శాతం తేమ ఉన్న 40 కిలోల వడ్లు 17 శాతానికి ఆరితే 38.55 కిలోలు అవుతాయి. అంటే దాదాపు కిలోన్నర తగ్గుతుంది. తరుగు లెక్క మొదట పుట్టింది ఇక్కడే. ఇబ్బంది ఎక్కడంటే, నాలుగు రోజులు ఎండబోసి 16 శాతానికి తెచ్చిన రైతు దగ్గరా అదే కిలోన్నర కోస్తారు. అప్పుడిక ఎండబోయడం ఎందుకు అనిపిస్తుంది. మర్నాటి నుంచి అందరూ పచ్చి వడ్లే తెస్తారు, కేంద్రంలో కుప్పలు పేరుకుంటాయి, వాన పడితే మొలకెత్తుతాయి. ఒక తప్పుడు తూకం ఊరి అలవాటునే మార్చేస్తుంది.

పని తెలిసిన చైర్మన్ ఇక్కడ చేయగలిగింది చాలా ఉంది, దేనికీ పైనుంచి అనుమతి అక్కర్లేదు. తేమ మీటరుకు కుప్ప పైన, మధ్యన, అడుగున మూడుచోట్ల నుంచి నమూనా తీయించాలి. పైపొర ఎండి, అడుగు పచ్చిగా ఉండటం మామూలే. వచ్చిన అంకెను తేదీతో సహా రైతు పేరున్న చీటీ మీద రాసి కుప్ప దగ్గరే ఉంచాలి. సంచులు కుప్ప వచ్చిన వరసలోనే ఇవ్వాలి, ఆ వరస బోర్డు మీద రాయాలి. లారీ బయలుదేరేటప్పుడే ట్రక్ షీట్ మీద సంచుల లెక్క, బరువు, తేమ మూడూ ఎక్కించాలి. మిల్లు దగ్గర దించుకునేటప్పుడు కోత పెడితే వాదించడానికి ఆధారం ఆ కాగితమే. గ్రేడ్-ఏ వడ్లకు సంఘానికి క్వింటాలుకు వచ్చే కమిషన్ 32 రూపాయలు. వెయ్యి టన్నులు కొన్న సంఘానికి 3 లక్షల 20 వేలు. దారిలో తగ్గిన బరువును ఈ కమిషన్‌లోంచే మినహాయిస్తారు. తగ్గుదల తన మీద పడకుండా సంఘం సిబ్బంది ముందే రైతు దగ్గర ఎక్కువ తూసేది ఈ భయంతోనే. ట్రక్ షీట్ గట్టిగా ఉంటే ఆ భయం తగ్గుతుంది, దాంతోపాటే తరుగు కూడా.

అప్పు తిరిగి రాకపోతే

కాంటా మోసం రైతు జేబుకు చిల్లు పెడుతుంది. వసూలు కాని అప్పు సంఘాన్నే ముంచుతుంది. పంట రుణం 7 శాతం వడ్డీ మీద వస్తుంది. గడువులోగా కడితే కేంద్రం 3 శాతం రాయితీ ఇస్తుంది. లక్ష లోపు అప్పుకు మిగతా 4 శాతాన్నీ రాష్ట్రమే భరించే వడ్డీలేని రుణాల పథకం ఉమ్మడి రాష్ట్రంలోనే మొదలైంది. ఒక్కరోజు గడువు దాటితే ఈ రాయితీలన్నీ పోతాయి. లక్ష మీద కేంద్రం వాటాయే మూడు వేలు.

సంఘం వైపు నుంచి లెక్క ఇలా ఉంటుంది. జిల్లా బ్యాంకు దగ్గర 5 కోట్లు తెచ్చి సభ్యులకు 5 కోట్లు ఇచ్చిందనుకుందాం. సంఘానికి మిగిలే తేడా 2 శాతం అనుకుంటే ఏడాదికి 10 లక్షలు. కార్యదర్శి, గుమాస్తా, అటెండర్ జీతాలు, కరెంటు, ఆడిట్ ఫీజు అందులోంచే. సభ్యుల్లో 70 శాతం మందే కడితే కోటిన్నర ఆగుతుంది. అందులో సగం తర్వాత ఎప్పటికో వసూలైనా మిగతా 75 లక్షలు ఏడున్నరేళ్ల మార్జిన్‌తో సమానం. సభ్యుల నుంచి రావలసిన దానికంటే బ్యాంకుకు సంఘం కట్టవలసింది ఎక్కువైపోవడాన్ని సహకార శాఖలో ‘ఇంబ్యాలెన్స్’ అంటారు. 2004లో కేంద్రం వేసిన వైద్యనాథన్ కమిటీ దేశమంతటా సంఘాలకు మూలధనం మళ్లీ పోయాలని సిఫారసు చేసిందంటే ఈ గుంటలు ఎంత లోతుకు పోయాయో ఊహించవచ్చు.

చాలాచోట్ల వసూలు కాగితం మీదే జరుగుతుంది. గడువు రోజున రైతు దగ్గర డబ్బుండదు. ఎరువుల వ్యాపారి దగ్గరో, వడ్డీ వ్యాపారి దగ్గరో నూటికి రెండు మూడు రూపాయల వడ్డీ మీద తెచ్చి పొద్దున కడతాడు. రెండో రోజో మూడో రోజో కొత్త అప్పు మంజూరవగానే తెచ్చినచోట తీర్చేస్తాడు. పుస్తకంలో వంద శాతం వసూలు. నిజానికి రూపాయి కూడా తిరిగి రాలేదు, పైగా మధ్యవర్తి ఒక నెల వడ్డీ పట్టుకుపోయాడు. ఇంకొన్నిచోట్ల డబ్బు కదలకుండానే పాత అప్పును కొత్త అప్పుగా రాసేస్తారు. ఏడేళ్లు, ఎనిమిదేళ్లు ఇలా తిప్పిన ఖాతా ఒక కరువు ఏడాదిలో ఆగిపోతుంది. అప్పుడు ఊరంతా రైతును తప్పు పడుతుంది.

రుణమాఫీలు దీన్ని ఇంకా చిక్కు చేశాయి. 2014లో ఆంధ్రప్రదేశ్ లక్షన్నర వరకు, తెలంగాణ లక్ష వరకు మాఫీ ప్రకటించి, సొమ్మును వాయిదాల్లో విడుదల చేశాయి. 2024లో తెలంగాణ రెండు లక్షల వరకు మాఫీ చేసింది. రైతుకు ఊరట అవసరమే. కానీ ప్రకటనకూ సొమ్ముకూ మధ్య నెలలూ ఏళ్లూ గడిచే కాలంలో ఎవరూ కట్టరు, కట్టమని అడగడానికి చైర్మన్‌కు నోరు రాదు, ఎందుకంటే రేపు ఓటు వేయవలసింది ఆ సభ్యులే.

ముల్కనూరులో ఏం వేరుగా జరిగింది

హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలంలోని ముల్కనూరు సహకార గ్రామీణ పరపతి, మార్కెటింగ్ సంఘం 1956లో మొదలైంది. నిలబెట్టినవారు అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి. తెలంగాణ సాయుధ పోరాటం ఆగి అప్పటికి ఐదేళ్లు. ఆ ప్రాంతంలో ‘నాగు’ అప్పులు, అంటే విత్తనాల వేళ గింజలు తీసుకుని కోతల వేళ సగం కలిపి కొలిచే ఆనవాయితీ, ఇంకా జనం జ్ఞాపకంలో కాదు, జీవితంలోనే ఉంది. చుట్టుపక్కల 14 గ్రామాల రైతులు ఇందులో సభ్యులు.

సంఘం పేరులో ‘పరపతి’ పక్కన ‘మార్కెటింగ్’ ఉండటం ముఖ్యం. అప్పు ఇచ్చిన సంఘమే విత్తనాలు, ఎరువులు అమ్ముతుంది, పంటనూ అదే కొంటుంది. సభ్యుడి పంట డబ్బు లెక్క కట్టేటప్పుడే అప్పు మినహాయించి మిగతాది చేతికిస్తుంది. వసూలు కోసం ఇంటి తలుపు తట్టక్కర్లేదు, గడువు రోజున వడ్డీ వ్యాపారి దగ్గరికి పరుగూ లేదు. దానికి తోడు సభ్యుల పొదుపు డిపాజిట్లు సంఘంలోనే ఉంటాయి. పక్కవాడు ఎగ్గొడితే పోయేది తన డబ్బే అని సభ్యుడికి తెలుసు కాబట్టి ఒత్తిడి చైర్మన్ నుంచి కాకుండా పొరుగువాళ్ల నుంచే వస్తుంది. బయటి సొమ్ముతో నడిచే సంఘంలో ఆ ఒత్తిడి పుట్టనే పుట్టదు, ఎగ్గొట్టినవాడు తెలివైనవాడుగా చలామణీ అవుతాడు. ముల్కనూరు విజయాన్ని నాయకుడి వ్యక్తిత్వానికే ముడిపెట్టే వ్యాసాలు చాలా వచ్చాయి. ఆయన పట్టుదల నిజమే. అంతకంటే ముఖ్యం, సభ్యుడి డబ్బు సంఘంలో ఇరుక్కునేలా ఆయన వేసిన నిర్మాణం. అదే కుటుంబానికి చెందిన అలిగిరెడ్డి ప్రవీణ్‌రెడ్డి తర్వాతి కాలంలో సంఘం అధ్యక్షుడయ్యారు, 2009లో హుస్నాబాద్ ఎమ్మెల్యే కూడా అయ్యారు. నాయకత్వం ఒకే ఇంట్లో కొనసాగడం మీద ప్రశ్నలు వేయవలసిందే. ఈ సంఘంలో ఆ ప్రశ్న వేయగలిగిన సభ్యులు, వేయడానికి కావలసిన లెక్కలు రెండూ ఉన్నాయన్నది కూడా చెప్పాలి.

ఆ నేల మీదే 2000 ఆగస్టులో ముల్కనూరు మహిళా డెయిరీ పుట్టింది, పాల పేరు ‘స్వకృషి’. దీని కింద ఉన్నది 1990ల నుంచి సహకార వికాస సంస్థ ప్రోత్సాహంతో పెరిగిన మహిళా పొదుపు సంఘాలు. పది రూపాయల లెక్క తప్పకుండా రాయడం నేర్చుకున్న ఆడవాళ్లే తర్వాత డెయిరీ డైరెక్టర్లయ్యారు. పాల దగ్గరా కథ కాంటాలాంటిదే, ఇక్కడ తూకం స్థానంలో వెన్న శాతం. గెర్బర్ పరీక్షలో గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల గంధకామ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, ఒక మిల్లీలీటరు అమైల్ ఆల్కహాల్ పోసి, యంత్రంలో తిప్పి, 65 డిగ్రీల నీటిలో ఉంచి చదవాలి. క్యాను కలపకుండా పైనుంచి నమూనా ముంచితే వెన్న ఎక్కువ, అడుగునుంచి తీస్తే తక్కువ చూపిస్తుంది. పది లీటర్ల గేదె పాలు, అంటే దాదాపు 10.3 కిలోలు, రోజూ పోసే మనిషికి కిలో వెన్నకు 800 రూపాయల చొప్పున లెక్క కడితే, 6.5 శాతాన్ని 6 అని చదివిన రోజున 41 రూపాయలు పోతాయి. నెలకు 1,236. ఆ అంకె చదివేది ఎవరు, ఎవరి ముందు చదువుతారు అన్నదాని మీదే పాల సంఘం నమ్మకం ఆధారపడుతుంది.

‘రైఫైజెన్‌ను వెతకండి’

నాయకుడి చుట్టూ సహకారాన్ని ఊహించే అలవాటు మన దగ్గర పాతది. మద్రాసు ప్రెసిడెన్సీలో రైతు అప్పుల మీద అధ్యయనం చేసిన ఫ్రెడరిక్ నికల్సన్ 1890ల చివర్లో ఇచ్చిన పెద్ద నివేదిక సారమంతా ఒక్క మాటలో తేల్చాడు: రైఫైజెన్‌ను వెతకండి. ఫ్రెడరిక్ రైఫైజెన్ జర్మనీలో వెయెర్‌బుష్ అనే చిన్న ఊరి మేయరు. 1846-47 కరువు చలికాలంలో కలిగినవాళ్ల దగ్గర చందా పోగుచేసి పేదలకు రొట్టెలు అప్పుగా ఇప్పించిన మనిషి. దానధర్మం ఎక్కువ కాలం నిలవదని ఆయన త్వరగానే గ్రహించాడు. 1864లో హెడ్డెస్‌డోర్ఫ్‌లో పెట్టిన సంఘానికి కట్టుదిట్టమైన నియమాలు వేశాడు. సంఘం పరిధి ఒకరినొకరు ఎరిగిన ఊళ్లే. అప్పు సభ్యులకే. పాలకవర్గానికి జీతం లేదు, జీతం లెక్కలు రాసేవాడికే. లాభం పంచుకోకుండా నిధిలో కలపాలి. నష్టమొస్తే సభ్యులందరిదీ బాధ్యత. నికల్సన్ చెప్పిన ‘మనిషి’ని పాలకులు బాగానే పట్టుకున్నారు. 1904 సహకార పరపతి చట్టం నుంచి ఇవాళ్టి దాకా ఊరి పెద్దను వెతికి కుర్చీలో కూర్చోబెడుతూనే ఉన్నారు. ఆ నియమాల మీద మాత్రం అంత శ్రద్ధ పెట్టలేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1964 సహకార చట్టం పాలకవర్గాన్ని రద్దు చేసే, ఎన్నికలు వాయిదా వేసే, అధికారినో నామినేటెడ్ కమిటీనో పెట్టే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్యాక్స్, అంటే ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల ఎన్నికలు చివరిగా జరిగింది 2013లో. 2018లో గడువు ముగిశాక నామినేటెడ్ కమిటీలే నడుపుతూ వచ్చాయి. తెలంగాణలో 2020 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగాయి. ఐదేళ్లు పూర్తయిన 2025 ఫిబ్రవరిలో మళ్లీ ఎన్నికలు పెట్టకుండా పదవీకాలం పొడిగించారు. ఐదేళ్లకోసారి తప్పనిసరి ఎన్నికలు అన్న 97వ రాజ్యాంగ సవరణ (2011) దీన్ని ఆపవలసింది. రాష్ట్రాల ఆమోదం తీసుకోలేదన్న కారణంతో రాష్ట్ర సంఘాలకు అది వర్తించదని 2021లో సుప్రీంకోర్టు తేల్చింది. నామినేట్ అయిన చైర్మన్ ఎవరికి జవాబు చెబుతాడన్నది ఊళ్లో అందరికీ తెలుసు. అతని చూపు సభ్యుల మీద కాకుండా నియమించిన నాయకుడి మీద ఉంటుంది, వసూలు అడిగే ధైర్యం ఇంకా సన్నగిల్లుతుంది.

దీనికి విరుగుడుగా వచ్చిందే 1995 పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం. ముల్కనూరు మహిళా డెయిరీ నడిచేది దీని కిందే. ఇందులో ప్రభుత్వ వాటాధనం ఉండదు, పాలకవర్గాన్ని ప్రభుత్వం రద్దు చేయలేదు. బదులుగా బాధ్యత మొత్తం సభ్యుల మీదే. గడువులో ఎన్నికలు, మహాజన సభ, ఆడిట్ జరిపించని డైరెక్టర్లు అనర్హులవుతారు. లోటు వస్తే సభ్యులే పూడ్చాలి. ఈ చట్టం కింద నమోదై పేరుకు సహకారం, పనికి చిట్‌ఫండ్ వ్యాపారంగా మారి డిపాజిటర్లను ముంచిన సంఘాలూ ఉన్నాయి. ప్రభుత్వ నిఘా లేనిచోట సభ్యుల నిఘా కూడా లేకపోతే అదే జరుగుతుంది.

చట్టం పరిధికి బయట ఉన్న నాయకత్వం ఎంత మేలు, ఎంత కీడు చేయగలదో నిజామాబాద్ జిల్లా గ్రామాభివృద్ధి కమిటీల్లో కనిపిస్తుంది. ఆర్మూర్ ప్రాంతంలో కులాలవారీ ప్రతినిధులతో ఏర్పడే ఈ కమిటీలు గుడులు కట్టాయి, బడులకు గదులు వేశాయి, అంకాపూర్ లాంటి ఊళ్లలో పంటల తీరునే మార్చిన ఐకమత్యానికి తోడ్పడ్డాయి. అవే కమిటీలు కొన్ని ఊళ్లలో బెల్టు షాపును వేలం వేసి నిధి పోగేశాయి, మాట వినని కుటుంబాలకు జరిమానా వేశాయి, వినకపోతే సాంఘిక బహిష్కరణ చేశాయి. వేలం సొమ్ముకు ఆడిట్ లేదు, తీర్పు మీద అప్పీలు లేదు. వరంగల్ జిల్లా గీసుకొండ మండలం గంగదేవిపల్లిలోనూ కమిటీలే ఊరిని నడిపించాయి. కుసుమ రాజమౌళి సర్పంచిగా ఉన్న కాలంలో నీళ్లకు, పారిశుద్ధ్యానికి, బడికి వేర్వేరు కమిటీలు వేసి, పంచాయతీ చట్టం లోపలే పన్ను వసూలు, ఖర్చు రెండూ గ్రామసభ ముందు పెట్టారు. పెద్దమనుషుల పట్టు రెండుచోట్లా బలమైనదే. ఆర్మూర్‌లో జరిమానా కట్టిన కుటుంబానికి లెక్క అడిగే చోటు లేదు, గంగదేవిపల్లిలో పన్ను కట్టినవాళ్లకు ఉంది.

మహాజన సభలో అడగవలసినవి

ఏటా జరగవలసిన మహాజన సభలో చాలా సంఘాల్లో టీ, బిస్కెట్లు, రిజిస్టర్‌లో సంతకాలతో పని ముగుస్తుంది. లెక్క తెలిసిన పదిమంది సభ్యులు ఉంటే కొన్ని కాగితాలు చాలు. మార్చి 31న జిల్లా బ్యాంకు ఇచ్చిన బాకీ ధ్రువపత్రాన్ని, అదే రోజు సభ్యుల లెడ్జర్ మొత్తాన్ని పక్కపక్కన పెట్టమనాలి. రెండింటి తేడాయే ఇంబ్యాలెన్స్. మూడేళ్లు దాటిన బకాయిల జాబితా, అందులో డైరెక్టర్లవీ వాళ్ల బంధువులవీ విడిగా కావాలి. గడువుకు పది రోజులు అటూ ఇటూ కట్టి మళ్లీ తీసుకున్న అప్పులు ఎన్నో అడిగితే కాగితం వసూలు ఎంతో, అసలు వసూలు ఎంతో తేలిపోతుంది. యూరియా బస్తా 45 కిలోలు, ధర 266 రూపాయల 50 పైసలు. రైతు వేలిముద్ర తీసుకుని ఎరువు అమ్మే పీఓఎస్ యంత్రంలో చూపే నిల్వకు, గోదాములో ఉన్న బస్తాలకు తేడా వస్తే ఆ బస్తాలు ఎవరి వేలిముద్రల మీద ఎటు పోయాయో చెప్పవలసింది సంఘమే. వడ్ల కమిషన్ ఎంత రావాలి, ఎంత వచ్చింది, తగ్గుదల కింద ఏ మిల్లు ఎంత కోసిందన్నది లారీవారీగా ఉండాలి.

దేశంలో 63 వేల ప్యాక్స్‌ను కంప్యూటరీకరించడానికి 2022లో కేంద్రం 2,516 కోట్ల పథకం ఆమోదించింది. పాత లెడ్జర్లు కంప్యూటర్‌లోకి ఎక్కించే ఈ దశ చాలా విలువైనది, చాలా ప్రమాదకరమైనది కూడా. పాత బినామీ ఖాతా ఇప్పుడు ఎక్కిపోతే ఇక అది అధికారిక రికార్డు. అందుకే ఎక్కించే ముందే ఊరివారీగా సభ్యుడి పేరు, పాసుపుస్తకం నంబరులో చివరి నాలుగు అంకెలు, బాకీ మొత్తం జాబితాగా తీసి సంఘం నోటీసు బోర్డు మీద పదిహేను రోజులు ఉంచాలి. తాను ఏనాడూ తీసుకోని అప్పు తన పేరిట ఉందని రైతుకు ఆ బోర్డు దగ్గరే తెలుస్తుంది, సంతకం ఎవరిదో, జమానతు ఎవరు ఉన్నారో అప్పుడే అడగగలుగుతాడు.